కేంబ్రిడ్జ్ కాలేజీలో మొదటి ఫార్మల్ డిన్నర్: వెళ్లాలా, వద్దా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. ఈ అక్టోబర్‌లో కేంబ్రిడ్జ్‌లో ఎంఫిల్‌లో చేరుతున్నాను. మాది ఏలూరు దగ్గర పల్లెటూరు. నిన్న కాలేజీ నుంచి మెయిల్ వచ్చింది. మొదటి వారంలోనే కొత్తగా చేరినవాళ్లకు మెట్రిక్యులేషన్ డిన్నర్ ఉందట, గౌన్ వేసుకుని రావాలట. నేను గుడ్డు కూడా తినను. మందు అలవాటు లేదు. ఫోర్కూ కత్తీ పట్టుకుని ఎప్పుడూ తినలేదు. చదువు గురించి లేని టెన్షన్ ఈ భోజనం గురించి పట్టుకుంది. వెళ్లకపోతే ఏమైనా అనుకుంటారా? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

జవాబు (కేంబ్రిడ్జ్ నుంచి)

తమ్ముడూ, ముందు నీ ఆఖరి ప్రశ్నకు జవాబు చెబుతాను. వెళ్లకపోతే ఎవరూ ఏమీ అనుకోరు, ఎందుకు రాలేదని అడిగేవాళ్లు కూడా ఉండరు. అందుకే తప్పకుండా వెళ్లమంటున్నాను. పదకొండేళ్ల కిందట నేనూ ఇలాగే భయపడి మానేశాను. అమ్మ సీసాలో పెట్టిచ్చిన పులిహోర పులుసు అన్నంలో కలుపుకుని గదిలో ఒక్కదాన్నే తిన్నాను. కిటికీలోంచి చూస్తే ఎదురుగా హాల్లో కొవ్వొత్తుల వెలుగు కనిపించింది. ఆ రాత్రి పక్కపక్కన కూర్చున్నవాళ్లు ఏడాదంతా కలిసి తిరిగారు. వాళ్లతో నాకు మాటలు కలిసేసరికి సంక్రాంతి దాటిపోయింది.

ఈ భోజనం ఎందుకింత పెద్ద విషయమో తెలిస్తే భయం సగం తగ్గుతుంది. ఇక్కడి కాలేజీలు మన కాలేజీల్లా తరగతి గదుల కోసం కట్టినవి కావు. గురువులూ శిష్యులూ ఒకే ప్రాంగణంలో ఉండి, ఒకే చోట ప్రార్థన చేసి, ఒకే హాల్లో తినాలని కట్టినవి. కేంబ్రిడ్జ్‌లో అన్నిటికంటే పాతదైన పీటర్‌హౌస్ 1284 నాటిది. 19వ శతాబ్దం చివరి దాకా చాలా కాలేజీల్లో ఫెలోలు, అంటే కాలేజీ సభ్యులైన అధ్యాపకులు, పెళ్లి చేసుకోకూడదనే నియమం ఉండేది. అంటే వాళ్లకు ఇల్లూ వాకిలీ అన్నీ ఆ హాలే. ఇప్పటికీ ఫిజిక్స్ చదివేవాడూ సంస్కృతం చదివేవాడూ పక్కపక్కన కూర్చునేది ఆ బల్ల దగ్గరే.

ఇక జరిగేది ఇదీ. హాల్లో పొడవాటి బల్లలు వరసగా ఉంటాయి. ఆ చివర కాస్త ఎత్తు మీద అడ్డంగా ఇంకో బల్ల ఉంటుంది, దాన్ని హై టేబుల్ అంటారు. అది ఫెలోలది. నువ్వు వెళ్లి నీ చోట నిలబడు. వెంటనే కూర్చోకు. గంట మోగుతుంది, ఫెలోలు వరసగా లోపలికి వస్తారు, అందరూ లేచి నిలబడే ఉంటారు. అప్పుడు ఒకరు లాటిన్‌లో ప్రార్థన చదువుతారు, దాన్ని గ్రేస్ అంటారు. కొన్ని కాలేజీల్లో రెండే మాటలు, 'బెనెడిక్టుస్ బెనెడికాట్' అంటే అయిపోయినట్టే. కొన్నిచోట్ల 'బెనెడిక్ దోమినె నోస్' అని మొదలుపెట్టి పెద్దది చదువుతారు. ప్రభూ, మమ్మల్నీ, నీ దయతో తినబోతున్న వీటినీ దీవించు అని దాని అర్థం. మా తాతగారు విస్తరి చుట్టూ నీళ్లు తిప్పి ఔపోసన పట్టేవారు. మొదటిసారి ఆ గ్రేస్ విన్నప్పుడు నాకు ఆయనే గుర్తొచ్చారు. నువ్వు ఏమీ పలకక్కర్లేదు, తల వంచక్కర్లేదు, మౌనంగా నిలబడితే చాలు.

తర్వాత ఫెలోలు లేచి వెళ్లేదాకా మధ్యలో ఎవరూ లేవరు. ఇది నీకు కొత్తేమీ కాదు. పంక్తి భోజనంలో అందరూ ముగించకుండా ఎవరైనా లేస్తే మన పెద్దవాళ్లు ఊరుకుంటారా? అందుకని లోపలికి వెళ్లే ముందే బాత్రూమ్ పని చూసుకో. ఫోన్ జేబులోంచి తీయకు. భోజనం జరుగుతుండగా ఫోటోలు తీయడం చాలా కాలేజీల్లో ఇష్టపడరు.

ఫోర్కులూ కత్తులూ చూసి కంగారు పడకు. పళ్లేనికి రెండు పక్కలా దూరంగా ఉన్నవాటితో మొదలుపెట్టి లోపలికి రావాలి, అంతే. ఎడమ పక్క ఉన్న చిన్న పళ్లెం, అందులో బ్రెడ్డు నీవి. కుడి పక్క ఉన్న గ్లాసులు నీవి. బ్రెడ్డును కత్తితో కోయకుండా చేత్తో తుంచుకుని తింటారు, అక్కడ నీ చెయ్యి నీకు సాయం చేస్తుంది. తినడం అయ్యాక ఫోర్కూ కత్తీ పక్కపక్కన పళ్లెంలో పెట్టెయ్. మనం విస్తరి మడిచినట్టు అన్నమాట, వడ్డించేవాళ్లు చూసి తీసుకెళ్తారు. వాటిని విడివిడిగా పెడితే ఇంకా తింటున్నావనుకుని అలాగే వదిలేస్తారు. వెళ్లే ముందు వారం రోజులు గదిలో దోసె మీద సాధన చెయ్. నేను అలాగే నేర్చుకున్నాను.

తిండి సంగతి మాత్రం అశ్రద్ధ చెయ్యకు. డిన్నర్ బుక్ చేసుకునేటప్పుడు ఏం తినవో రాసే చోటు ఉంటుంది. అక్కడ 'వెజిటేరియన్' అని ఒక్క మాట రాసి వదిలేస్తే గుడ్డు వస్తుంది, ఎందుకంటే ఇక్కడ వెజిటేరియన్ అంటే గుడ్డు తింటారనే లెక్క. గుడ్డు వద్దు, జెలటిన్ వద్దు, మాంసం ఉడికించిన నీళ్లతో చేసిన సూప్ వద్దు అని విడివిడిగా రాయి. జెలటిన్ జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీస్తారు. పాలతో చేసిన మెత్తటి తీపి వంటకాల్లో తెలియకుండా వచ్చేస్తుంది. క్రిస్మస్ రోజుల్లో వచ్చే పుడ్డింగుల్లో స్యూయెట్ అనే పశువుల కొవ్వు ఉండొచ్చు. వూస్టర్ సాస్‌లో చేపలు ఉంటాయి. పార్మెసాన్ చీజ్‌కు దూడ కడుపులోంచి తీసే పదార్థం వాడతారు. ఇవన్నీ అడగడానికి మొహమాటపడకు. వంటవాళ్లకు ముందుగా చెబితే సంతోషంగా చేసిపెడతారు, బల్ల దగ్గర కూర్చున్నాక చెబితే వాళ్లకూ ఇబ్బందే.

ఒక మాట చెప్పాలి. ట్రినిటీ కాలేజీలో రామానుజన్ 1914లో అడుగుపెట్టారు. హాల్లో వంట ముట్టుకోకుండా గదిలో తనే వండుకునేవారు. యుద్ధం వల్ల కావలసిన సరుకులు దొరికేవి కావు. 1917లో జబ్బుపడ్డారు. అంతటి మనిషి ఒంటరిగా స్టవ్ ముందు కూర్చున్న దృశ్యం తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. అప్పుడు ఆయనకు వేరే దారి లేదు. నీకు ఉంది.

జవాబు (ఆక్స్‌ఫర్డ్ నుంచి)

అక్క చెప్పిందంతా నిజం. మందు గురించి నేను చెబుతాను. నేనూ తాగను. ఆరేళ్లలో నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు. వైన్ పోయడానికి వచ్చినప్పుడు గ్లాసు మీద చెయ్యి అడ్డం పెట్టి 'నో థాంక్యూ' అంటే వెళ్లిపోతారు. రాజుగారి గౌరవార్థం 'ది కింగ్' అని అందరూ గ్లాసులు ఎత్తే సందర్భం వస్తే నీళ్ల గ్లాసే ఎత్తు. గాంధీగారు లండన్‌లో లా చదివేటప్పుడు ఇన్నర్ టెంపుల్ అనే బారిస్టర్ల సంస్థలో ఇలాంటి డిన్నర్లకు తప్పనిసరిగా హాజరు కావలసి వచ్చేది. నలుగురికి రెండు వైన్ సీసాలు ఇచ్చేవారట. ఆయన తాగరు కాబట్టి ఆయనతో కూర్చోవడానికి తోటివాళ్లు పోటీపడేవారని ఆయనే రాసుకున్నారు.

కేంబ్రిడ్జ్‌లో పెన్నీయింగ్ అని ఒక ఆట ఉంది, ఎదుటివాళ్ల గ్లాసులో నాణెం వేస్తే ఆ గ్లాసు మొత్తం తాగేయాలి. చాలా కాలేజీలు దీన్ని నిషేధించాయి. ఎవరైనా వేసినా నువ్వు తాగాల్సిన పని లేదు. నాణెం తీసి పక్కన పెట్టు.

ఇంకొకటి, అన్ని కాలేజీలూ ఒకేలా ఉండవు. ఇక్కడ ఆక్స్‌ఫర్డ్ క్వీన్స్ కాలేజీలో భోజనానికి బాకా ఊది పిలుస్తారు. రెండు ఊళ్లలోనూ వూల్ఫ్‌సన్ అనే కాలేజీలు ఉన్నాయి, వాటిలో హై టేబులే లేదు, అందరూ కలిసి కూర్చుంటారు. కాబట్టి నెట్‌లో చదివింది నమ్మకుండా నీ కాలేజీలో సీనియర్లని అడుగు. మనవాళ్లు ఈ బల్లల దగ్గర కొత్త కాదు. కట్టమంచి రామలింగారెడ్డిగారు కేంబ్రిడ్జ్ సెయింట్ జాన్స్‌లో చదివారు. రాధాకృష్ణన్‌గారు 1936లో ఇక్కడ తూర్పు దేశాల మతాలు, నీతిశాస్త్రం చెప్పే స్పాల్డింగ్ ప్రొఫెసర్‌గా చేరి, ఆల్ సోల్స్ కాలేజీలో ఫెలోగా ఉన్నారు.

ప్రశ్న

అక్కా, అన్నా, చాలా థాంక్స్. మనసు కుదుటపడింది. ఇంకో రెండు సందేహాలు. గౌన్ కింద ఏం వేసుకోవాలి, సూట్ కొనాలా? పక్కనున్నవాళ్లతో ఏం మాట్లాడాలి?

జవాబు (కేంబ్రిడ్జ్ నుంచి)

గౌన్ అంటే మన కాన్వొకేషన్‌లో వేసుకునే నల్లటిదే. కేంబ్రిడ్జ్‌లో నీలాగా బయటి డిగ్రీతో వచ్చినవాళ్లకు 24 ఏళ్లు నిండకపోతే బీఏ గౌన్, నిండితే ఎంఏ గౌన్. కొత్తది కొనకు, సీనియర్ల దగ్గర వాడినది సగం ధరకు దొరుకుతుంది. బీఏ గౌన్ చేతులు వెడల్పుగా, కోసుగా కిందికి వేలాడతాయి. సూప్ వచ్చినప్పుడు చెయ్యి చాపితే ఆ అంచు తిన్నగా గిన్నెలో పడుతుంది. కూర్చోగానే రెండు చేతులూ మోచేతి దాకా వెనక్కి లాక్కో.

లోపల మామూలు సూట్ చాలు, ఇండియాలో కుట్టించుకుంటే డబ్బు మిగులుతుంది. పంచె, లాల్చీ వేసుకున్నా తప్పులేదు. ఆహ్వానాల్లో నేషనల్ డ్రెస్ అని చాలాసార్లు వాళ్లే రాస్తారు. నేను రెండో ఏడాది నుంచి వెంకటగిరి చీర కట్టుకుని వెళ్లేదాన్ని. గౌన్ పట్టు మీద నిలవక భుజం నుంచి జారిపోయేది. ఒకసారి వడ్డించే పెద్దావిడ నా వెనక నిలబడి, ఏమీ అనకుండా తన ఏప్రన్ నుంచి పిన్నీసు తీసి గౌన్‌నీ పైటనీ కలిపి గుచ్చింది. 'బ్యూటిఫుల్ కలర్, లవ్' అని వెళ్లిపోయింది. ఆ పిన్నీసు ఇప్పటికీ నా దగ్గరుంది. వడ్డించేవాళ్లకు పళ్లెం పెట్టినప్పుడల్లా థాంక్స్ చెప్పు, ఎదుటివాళ్లతో మాటల్లో మునిగిపోయి వాళ్లను గమనించకుండా ఉండకు.

మాటలంటావా, ఎడమ పక్కవాళ్లతో కాసేపు, కుడి పక్కవాళ్లతో కాసేపు. ఏం చదువుతున్నారు, ఏ ఊరు అని మొదలుపెట్టు. నీ ఊరు అడిగితే ఇండియా అని ఊరుకోకు. కొల్లేరు గురించి చెప్పు, శీతాకాలంలో వచ్చే పక్షుల గురించి చెప్పు. ఆ ఏడాది నా ఎదురుగా కూర్చున్న వెల్ష్ అమ్మాయి మా ఊరి చెరువు గురించి గంట సేపు అడిగింది. తర్వాత నా పెళ్లికి రాజమండ్రి వచ్చింది.

కాలేజీకి మెయిల్ ఈ రోజే పెట్టు. గుడ్డు, జెలటిన్, సూప్, మూడూ రాయి. పెట్టెలో అరడజను పిన్నీసులు వేసుకో.