జెఫ్రీస్ బేలో మా అమ్మాయి ఏ అలతో మొదలుపెట్టాలి?

మేము దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో ఉంటున్నాము. మూడేళ్లుగా నార్త్ బీచ్‌లో సర్ఫింగ్ చేస్తున్న మా 16 ఏళ్ల అమ్మాయిని జూలైలో ఇదే దేశంలో సర్ఫింగ్‌కు పేరుపొందిన జెఫ్రీస్ బేకు తీసుకువెళ్లాలనుకుంటున్నాము. అక్కడి సముద్రాన్ని ఎరిగినవారి సలహా కోరుతున్నాను.

దక్షిణాన చలికాలపు తుఫానులు పుట్టించే అలలు నైరుతి దిశ నుంచి వచ్చి, అక్కడి తీరం వెంట వందల మీటర్ల పొడవున విరుగుతాయని, అందులో సూపర్‌ట్యూబ్స్ అనే చోట వాటి వేగం మరీ ఎక్కువని తెలుసు. ఇసుక మీద విరిగే డర్బన్ అలలకు అలవాటుపడిన పిల్ల, రాళ్ల మీద విరిగే ఆ అలలోకి నేరుగా దిగవచ్చా, లేక అల కాస్త నెమ్మదిగా సాగే పాయింట్ అనే చోట కొన్ని రోజులు సాధన చేయాలా? రాళ్ల సందుల్లోంచి నీటిలోకి దిగడానికి, క్షేమంగా ఒడ్డుకు చేరడానికి పోటు సమయం అనువైనదా, ఆటు సమయమా?

డర్బన్ తీరంలో 1952 నుంచి సొరచేపలను అడ్డుకునే వలలు ఉన్నాయి, జెఫ్రీస్ బేలో లేవు. 2015 జూలైలో అక్కడ సర్ఫింగ్ పోటీ ఫైనల్ జరుగుతుండగానే ఆస్ట్రేలియా సర్ఫర్ మిక్ ఫానింగ్‌పైకి సొరచేప రావడం, ఆయన గాయపడకుండా బయటపడడం చూసినప్పటి నుంచి నా భార్యకు ఆ భయం పోలేదు. ఉదయం, సాయంత్రం ఏ వేళల్లో నీటికి దూరంగా ఉండాలి?

వర్ణవివక్ష కాలంలో తెల్లవారికి కేటాయించిన డర్బన్ బీచ్‌లలో మా మామగారికి అడుగుపెట్టే హక్కు లేదు. అందుకే మనవరాలి ఈ ప్రయాణం మా ఇంట్లో అందరికీ ఎంతో విలువైనది.

చివరగా, డర్బన్ తీరం పక్కగా సాగే అగుల్హాస్ సముద్ర ప్రవాహపు వెచ్చదనానికి అలవాటుపడిన ఆమెకు అక్కడి చలిలో 3 మిల్లీమీటర్ల మందం గల వెట్‌సూట్ (చలిని ఆపే రబ్బరు దుస్తు) సరిపోతుందా, ఇంకా మందమైనది కొనాలా?