టీబీ అనుమానం ఉన్నప్పుడు ఎక్స్‌రే సరిపోతుందా, సీటీ స్కాన్ తప్పనిసరా?

ప్రశ్న

మా అత్తగారికి 58 ఏళ్లు, చాలాకాలంగా మధుమేహం ఉంది. మూడు వారాలుగా దగ్గు, సాయంత్రం పూట సన్నగా జ్వరం వస్తున్నాయి, బరువు కూడా తగ్గారు. ఛాతీ ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి కింది భాగంలో నీడ ఉందని, అది టీబీ గానీ న్యుమోనియా గానీ కావచ్చని రాశారు. టీబీ పైభాగంలోనే వస్తుందని విన్నాం కనుక ఇది మరేదైనా జబ్బేమోనని, క్యాన్సరేమోనని కూడా భయంగా ఉంది. నేరుగా సీటీ తీయిస్తే తేలిపోతుందని బంధువులు అంటున్నారు. దయచేసి తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం 1 (ఛాతీ వైద్యుడు)

అమ్మా, ముందు కళ్లె పరీక్ష చేయించండి, సీటీ సంగతి ఆ తర్వాత చూద్దాం. ఎక్స్‌రే అయినా సీటీ అయినా ఊపిరితిత్తిలో ఎక్కడ, ఎంత మేర దెబ్బతిన్నదో చూపగలవే గానీ, ఆ దెబ్బకు కారణమైన క్రిమిని చూపలేవు. టీబీ సాధారణంగా పై భాగాల్లో కనిపించే మాట నిజమే, కానీ మధుమేహం ఉన్నవారిలో కింది భాగంలో నీడ రావడం అరుదేమీ కాదు. కాబట్టి నీడ ఉన్న చోటును బట్టి టీబీ కాదనుకోకండి.

ఎక్స్‌రేను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. 2019–21లో మన దేశంలో జరిగిన జాతీయ క్షయ సర్వేలో ఎక్స్‌రే తీయకుండా లక్షణాలు మాత్రమే అడిగి ఊరుకుని ఉంటే 42.6 శాతం కేసులు బయటపడేవి కావు. అనుమానాన్ని పట్టుకోవడంలో దానికి అంత బలం ఉంది. నిర్ధారణకు మాత్రం సీబీనాట్ లేదా ట్రూనాట్ (కళ్లెలో టీబీ క్రిమి డీఎన్‌ఏను వెతికే పరీక్షలు) కావాలి. ప్రభుత్వ కేంద్రాల్లో ఇవి ఉచితం, టీబీకి వాడే ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కు క్రిమి లొంగుతుందో లేదో కూడా వీటితో తెలుస్తుంది, ఆ సంగతి ఏ స్కానూ చెప్పలేదు. ఫలితం వచ్చేలోగా న్యుమోనియా అనుకుని లెవోఫ్లాక్సాసిన్ వంటి మందులు వాడితే టీబీ తాత్కాలికంగా అణగి, నిర్ధారణ ఆలస్యమవుతుంది. దయచేసి ఈ విషయంలో జాగ్రత్తగా ఉండండి.

కళ్లె రాకపోయినా, వచ్చిన కళ్లెలో క్రిమి దొరకక నీడ అలాగే ఉండిపోయినా అప్పుడు సీటీ అవసరమవుతుంది. మొగ్గలు తొడిగిన కొమ్మల వంటి సన్నని మచ్చలు, ఎక్స్‌రేకు అందని చిన్న గుంతలు అందులో కనిపిస్తాయి, బ్రాంకోస్కోపీ (సన్నని గొట్టంతో ఊపిరితిత్తి లోపల చూసే పరీక్ష) ఏ భాగంలో చేయాలో కూడా తెలుస్తుంది. అటువంటి మచ్చలు ఇతర ఇన్ఫెక్షన్లలోనూ వస్తాయి కనుక సీటీ ఒక్కదానితో టీబీ అని ముద్ర వేయకూడదు. క్యాన్సర్ అనుమానం మిగిలితే రంగు మందు ఎక్కించి తీసే సీటీ అడుగుతారు. మధుమేహం ఉంది కనుక దానికి ముందు మూత్రపిండాల పనితీరు తెలిపే రక్త పరీక్ష, క్రియాటినిన్ చూడాలి.

సమాధానం 2 (రేడియోగ్రాఫర్)

డాక్టరు గారు చెప్పినదానికి నా పని వైపు నుంచి కొంత చేరుస్తాను. మీ దగ్గరున్న ఎక్స్‌రేను నిలబెట్టి, నిండా గాలి పీల్పించి, వీపు వైపు నుంచి తీశారో లేదో కనుక్కోండి. పడుకోబెట్టి తీసిన ఫిల్ములో ఊపిరితిత్తుల కింది భాగాలు నొక్కుకుపోయి, లేని నీడ ఉన్నట్టు కనిపించవచ్చు. పాత ఎక్స్‌రే ఇంట్లో ఉంటే తప్పక తీసుకెళ్లండి, మచ్చ పాతదా కొత్తదా అన్నది తేల్చడంలో దానికి సాటి వచ్చే పరీక్ష లేదు. ఛాతీ ఎక్స్‌రేతో అందే రేడియేషన్ సుమారు 0.1 మిల్లీసీవర్టు అయితే, మామూలు సీటీతో 6–7 మిల్లీసీవర్టుల వరకు ఉంటుంది. అవసరమైనప్పుడు అది భయపడవలసినంత కాదు, అయితే ఎక్స్‌రే బాగా రాలేదన్న కారణంతో నేరుగా సీటీకి వెళ్లడం కంటే ఎక్స్‌రేనే సరిగా మళ్లీ తీయించడం మేలు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ట్రూనాట్‌లో టీబీ అని తేలింది, రిఫాంపిసిన్‌కు నిరోధకత లేదన్నారు, మందులు మొదలయ్యాయి. జబ్బు ఎంత ఉందో చూడటానికి ఇప్పుడు సీటీ అవసరమా? నయమైందని ఎలా తెలుస్తుంది?

సమాధానం 3 (ఛాతీ వైద్యుడు)

ఇప్పుడు అవసరం లేదు. కళ్లెలో రక్తం ఎక్కువగా పడినా, మందులు వాడుతున్నా జ్వరం తగ్గకపోయినా అప్పుడు ఆలోచించవచ్చు. రెండు నెలల తర్వాత ఒకసారి, చికిత్స ముగిశాక మరోసారి మైక్రోస్కోపుతో కళ్లె పరీక్ష చేస్తారు. మధ్యలో ట్రూనాట్ మళ్లీ చేయించకండి, చనిపోయిన క్రిముల డీఎన్‌ఏ కూడా అందులో పాజిటివ్‌గా చూపించవచ్చు. చికిత్స చివర ఒక ఎక్స్‌రే తీయించి భద్రపరచండి. అందులో గీతలు, మచ్చలు మిగిలి ఉండవచ్చు, అవి మానిన గాయం గుర్తులు కావచ్చు గనుక వాటిని చూసి మందులు పొడిగించమని అడగవద్దు. ఈలోగా చక్కెర అదుపులో ఉంచండి, ఇంట్లో అందరినీ, ముఖ్యంగా చిన్నపిల్లలను పరీక్ష చేయించండి.