ప్రమోషన్ వచ్చింది కానీ తెలుగు టైపింగ్ రాదు, 43 ఏళ్ళకి ఎక్కడ మొదలుపెట్టాలి?

బెజవాడ_గుమాస్తా:

అందరికీ నమస్తే. విజయవాడలో ఒక ప్రభుత్వ ఆఫీసులో చేస్తున్నా, ఏ ఆఫీసో అడక్కండి. మా ఆయన పోయాక కారుణ్య నియామకం కింద ఆఫీస్ సబార్డినేట్‌గా చేరాను, అంటే అటెండర్‌నే. తొమ్మిదేళ్ళు ఫైళ్ళు మోశా, తపాళ్ళు పంచా, ఆదివారాలు పిల్లల్ని మా అమ్మ దగ్గర వదిలి క్లాసులకెళ్ళి దూరవిద్యలో డిగ్రీ పూర్తి చేశా. ఈమధ్య జూనియర్ అసిస్టెంట్‌గా ప్రమోషన్ ఇచ్చారు. ఇంట్లో స్వీట్లు పంచాం, అంతా బానే ఉంది, సోమవారం సీట్లో కూర్చుంటే అసలు సంగతి తెలిసింది. లెటర్లన్నీ తెలుగులో కొట్టాలి, నాకు కీబోర్డు మీద ‘క’ ఎక్కడుందో కూడా తెలీదు.

రెండు రోజులు ట్రైనింగ్ ఇచ్చారు. హాల్లో వంద మందిమి, తెర మీద స్లైడులు, మధ్యాహ్నం భోజనం, ఒక బ్యాగు, ఒక పెన్ను. మెషిన్ ముందు మాత్రం ఒక్కళ్ళనీ కూర్చోబెట్టలేదు.

ఇప్పుడు నేనేం చేస్తున్నానంటే, ఎవరూ చూడకుండా ఫోన్‌లో వాట్సాప్‌లో టైప్ చేసి, నా మెయిల్‌కే పంపుకుని, సిస్టమ్‌లో తెరిచి కాపీ చేస్తున్నా. అర పేజీ లెటర్‌కి గంట పడుతోంది. పక్క సీటు అబ్బాయి మంచివాడే, అడిగితే కొట్టిస్తాడు, కానీ రోజుకి నాలుగుసార్లు అడగాలంటే నాకే మొహం చెల్లడం లేదు. ఈ వయసులో ఇన్‌స్టిట్యూట్‌లో చేరాలా, ఇంట్లో నేర్చుకోవచ్చా? ఏ కీబోర్డు నేర్చుకోవాలి? ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతున్నారు.

అరండల్‌పేట_డీటీపీ:

మేడమ్, నేను గుంటూరులో ఇరవై ఏళ్ళుగా ఈ పనే చేస్తున్నా. ఆపిల్ కీబోర్డు నేర్చుకోండి, అంటే డీటీపీ సాఫ్ట్‌వేర్లో ఉండే ఒక తెలుగు కీల అమరిక. పెళ్ళికార్డులు, కరపత్రాలు, ఫ్లెక్సీలు అన్నీ మేం దాని మీదే కొడతాం, వత్తులకి విడిగా కీలు ఉంటాయి కాబట్టి స్పీడ్ వస్తుంది. ఏదైనా డీటీపీ షాపులో అడిగితే సాయంత్రం పూట గంటసేపు కూర్చోనిస్తారు. నెలరోజుల్లో చెయ్యి తిరుగుతుంది.

వార్డు_సచివాలయం_తమ్ముడు:

అక్కా, ఈ రోజుల్లో ఇవన్నీ ఎందుకు? ఫోన్‌లో మైక్ నొక్కి మాట్లాడితే అదే రాసేస్తుంది. మా సచివాలయంలో సగంమంది అంతే. లేదంటే విండోస్‌లో ఫొనెటిక్ కీబోర్డు ఉంటుంది, ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు పడుతుంది. అదీ కష్టమనిపిస్తే కీల మీద తెలుగు స్టిక్కర్లు అంటించుకో, ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ఐగాట్ కర్మయోగి అని ప్రభుత్వ ఉద్యోగులకి ఆన్‌లైన్ ట్రైనింగ్ ఇచ్చే సైటు ఉంది, అందులో కూడా కోర్సులు చూస్తుండు, ఫోన్‌లోనే అయిపోతాయి, సర్టిఫికెట్ కూడా వస్తుంది.

రిటైర్డ్_సూపరింటెండెంట్:

అమ్మా, ముప్పై నాలుగేళ్ళు సెక్షన్లలో కూర్చుని రిటైరైనవాణ్ణి, కాస్త పొడుగ్గా చెబుతా, ఓపిగ్గా చదువు.

డీటీపీ మిత్రుడు చెప్పింది ప్రెస్సు పనికి నిజమే, ఆఫీసుకి పనికిరాదు. ఆ ఫాంట్లలో చాలావరకు ఇంగ్లీషు అక్షరాల కోడ్‌ల మీదే తెలుగు బొమ్మలు కప్పి ఉంటాయి. ఆ ఫాంటు లేని సిస్టమ్‌లో తెరిస్తే తెలుగు పోయి ఏవో గీతలూ చుక్కలూ కనిపిస్తాయి. ఒకసారి ఇలాగే బయట కొట్టించిన లెటర్‌ని పీడీఎఫ్ చెయ్యకుండా జిల్లా ఆఫీసుకి మెయిల్ చేశా, ‘ఇది ఏ భాషండీ’ అని ఫోనొచ్చింది. యూనికోడ్‌లో, అంటే ప్రతి తెలుగు అక్షరానికీ అన్నిచోట్లా ఒకటే కోడ్ ఉండే పద్ధతిలో కొడితే ఆ గొడవ లేదు, ఏ సిస్టమ్‌లోనైనా, ఫోన్‌లోనైనా తెలుగు తెలుగుగానే ఉంటుంది. తర్వాత ఆ ఫైల్లో ఏ మాటైనా వెతికితే దొరుకుతుంది కూడా.

కీబోర్డు అంటే ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకో, భారతీయ భాషలకి ప్రభుత్వం పెట్టిన కీల అమరిక అది. ఎందుకంటే అది విండోస్‌లో ముందే ఉంటుంది. ఆఫీసు సిస్టమ్‌లో కొత్త సాఫ్ట్‌వేర్ వేసుకోవాలంటే అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది, దాని కోసం పదిసార్లు తిరగాలి. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి భాషల్లో తెలుగు కలుపు, విండోస్ కీ, స్పేస్ బార్ కలిపి నొక్కితే తెలుగు నుంచి ఇంగ్లీషుకీ అటునుంచి ఇటూ మారుతుంది.

దీని పద్ధతి తెలిస్తే భయం పోతుంది. గుణింతాలు ఎడమ చేతి వైపు, హల్లులు చాలావరకు కుడి చేతి వైపు. ‘తెలుగు’ కొట్టాలంటే ఎల్, జెడ్, ఎన్, జి, ఐ, జి. అంతే. వత్తులకి విడిగా కీలు లేవు, డి మీద పొల్లు ఉంటుంది, రెండు హల్లుల మధ్య దాన్ని నొక్కితే రెండోది వత్తయిపోతుంది. ‘అమ్మ’ అంటే షిఫ్ట్ పట్టుకుని డి, తర్వాత సి, డి, సి. మొదటిరోజు ఈ ఒక్క మాట యాభైసార్లు కొట్టు.

స్టిక్కర్లు వద్దు. అంటించావంటే ఎప్పటికీ కీల వంకే చూస్తావు. కీబోర్డు బొమ్మ కాగితం మీద ప్రింటు తీసి మానిటర్ పక్కన పెట్టుకో, కళ్ళు తెర మీదే ఉండాలి.

మైకు గురించి తమ్ముడికి ఒక మాట. మామూలు వాక్యాలు పడతాయి, సరే. లెటర్ మీద ఫైలు నంబరుకి ముందు వేసే ‘ఆర్.సి. నెం.’ అని చెప్పి చూడు, ఏం పడుతుందో! పైగా సెక్షన్లో అందరూ ఉండగా ఫోన్‌తో మాట్లాడుతూ లెటర్ రాస్తావా?

అసలు టైపింగ్ కంటే ముందు నేర్చుకోవాల్సింది ఇంకోటుంది. బీరువాలో పాత డిస్పోజల్స్, అంటే పని ముగిసి మూసేసిన ఫైళ్ళు ఉంటాయి, మంచి సీనియర్ ఎవరో రాసినవి ఒక పది తీసుకో. ‘విషయం’ ఎంత పొట్టిగా పెట్టాడు, ‘సూచిక’లో వచ్చిన ఉత్తరాలు ఏ వరసలో వేశాడు, పై అధికారికి రాసి పెట్టే నోట్ ఫైల్లో ముందు జరిగింది చెప్పి తర్వాత రూలు చెప్పి చివర్న ‘ఉత్తర్వుల నిమిత్తం’ అని ఎలా దించాడు, అది చూడు. అవే మళ్ళీ మళ్ళీ టైప్ చెయ్యి, రెండు పనులూ ఒకేసారి అవుతాయి. నువ్వు తొమ్మిదేళ్ళు ఆ ఫైళ్ళే మోశావు కదమ్మా, ఏ ఫైలు ఏ సీటుకి పోతుందో ఆ పక్క సీటు అబ్బాయి కంటే నీకే బాగా తెలుసు. అతన్ని అడిగేటప్పుడు ఆ సంగతి గుర్తుపెట్టుకో.

అరండల్‌పేట_డీటీపీ:

సార్ చెప్పింది కరెక్టే, ఒప్పుకుంటున్నా. మాకూ ఇప్పుడు యూనికోడ్‌లో ఇమ్మని అడిగేవాళ్ళు పెరిగారు. మేడమ్, ఫాంటు కావాలంటే మండలి, రామభద్ర, గిడుగు ఉచితంగా దొరుకుతాయి. లెటర్‌కి మండలి బావుంటుంది, మిగతావి హెడ్డింగులకే.

నవంబరు_సెషన్:

టైపింగ్ ఎలాగూ వస్తుంది, డిపార్ట్‌మెంటల్ టెస్టులు మర్చిపోకండి. తర్వాతి ప్రమోషన్ అక్కడే ఆగుతుంది. ఏపీపీఎస్సీ మే, నవంబరు సెషన్ల పేరుతో పెడుతుంది, సబార్డినేట్ ఆఫీసర్ల అకౌంట్స్ టెస్ట్ అయితే పేపర్ కోడ్‌లు 8, 10. మీ శాఖకి ఇంకా ఏవి కావాలో ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్లో అడగండి.

బెజవాడ_గుమాస్తా:

పన్నెండు రోజులైంది, చెబుదామని వచ్చా. సార్, మీరన్నట్టే కాగితం పెట్టుకున్నా. రాత్రి పిల్లలు పడుకున్నాక మా పెద్దోడి లాప్‌టాప్‌లో ముప్పావుగంట. మొదటి నాలుగు రోజులు ఏడుపొచ్చింది, నిజంగా. ఇప్పుడు ‘సూచిక’ చూడకుండా కొడతా, ఎమ్, టి, సెమికోలన్, ఎఫ్, కె.

నిన్న మొదటిసారి ఫోన్ తియ్యకుండా ఒక లెటర్ పూర్తిచేసి సంతకానికి పెట్టా. నలభై నిమిషాలు పట్టింది. మా సూపరింటెండెంట్ గారు ‘విశయం’ కింద ఎర్ర ఇంకుతో గీత గీసి పంపారు. షిఫ్ట్‌తో ఎమ్ కొడితే ‘శ’, షిఫ్ట్‌తో కామా కొడితే ‘ష’ అని అప్పుడు తెలిసింది. పక్క సీటు అబ్బాయి అది చూసి, ‘మేడమ్, ఆ కాగితం నాకూ ఒక జిరాక్స్ ఇవ్వండి’ అన్నాడు. తను ఇన్నాళ్ళూ రెండు వేళ్ళతోనే కొడుతున్నాడట.