మందు తాగనని మొండికేసే నాలుగేళ్ల బాబుతో బేరం ఆడవచ్చా?

ప్రశ్న – కాకినాడ నుంచి ఒక తల్లి

నమస్కారం. మా బాబుకు నాలుగేళ్లు. చెవిలో ఇన్ఫెక్షన్ వచ్చిందని పిల్లల వైద్యులు అమాక్సిసిలిన్, క్లావులనేట్ కలిసిన సిరప్ రాసి, వారం రోజుల పాటు ఉదయం, రాత్రి మానకుండా వేయమన్నారు. జ్వరం, చెవిపోటు తగ్గుముఖం పట్టాయి కానీ, సీసా మూత తీసిన చప్పుడు వినిపిస్తే చాలు, వాడు మంచం కిందకు దూరిపోతున్నాడు. మా అత్తగారు చాక్లెట్ ఆశ చూపిస్తే మొదట ఒకదానితో సరిపెట్టుకున్నవాడు ఇప్పుడు రెండు ఇస్తేనే నోరు తెరుస్తానంటున్నాడు. మావారు సూది వేయిస్తానని బెదిరిస్తే ఏడుపు ఇంకా పెరుగుతోంది. కాళ్లూ చేతులూ పట్టుకుని పోస్తే సగం ఉమ్మేస్తున్నాడు కాబట్టి అసలు ఎంత మందు లోపలికి వెళ్లిందో తెలియడం లేదు.

ఉద్యోగాల్లో, వ్యాపారాల్లో వాడే సంప్రదింపుల మెళకువలు పసిపిల్లల దగ్గర కూడా పనిచేస్తాయని విన్నాను. ఆరోగ్యం విషయంలో పిల్లవాడితో బేరం పెట్టుకోవడం అసలు సరైనదేనా? సరైనదైతే ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపాలి? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1 – కార్మిక సంఘం తరఫున వేతన చర్చల్లో పాల్గొనే సభ్యుడు

అమ్మా, బేరం ఆడవచ్చు, అయితే దేని మీద ఆడుతున్నామో ముందే మనసులో తేల్చుకోవాలి. మందు తాగడమా మానడమా అన్నది చర్చకు పెట్టవలసిన విషయం కాదు, ఎలా తాగాలి అన్నది మాత్రమే చర్చకు పెట్టాలి. చాలా ఇళ్లలో ఈ రెండూ కలిసిపోతాయి. "మందు తాగుతావా నాన్నా?" అని అడిగితే పిల్లవాడు "తాగను" అంటాడు, అలా అనే హక్కు ఆ ప్రశ్నతో మనమే వాడికి ఇచ్చినట్టవుతుంది. "మందు వేళయింది. నా ఒళ్లో కూర్చుని తాగుతావా, కుర్చీలో కూర్చుని తాగుతావా?" అని అడిగితే వాడు ఏది ఎంచుకున్నా మనకు సమ్మతమే, పైగా నిర్ణయం తనదేనన్న తృప్తి వాడికి దక్కుతుంది. ఒకేసారి రెండింటికి మించి అవకాశాలు చూపవద్దు.

అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో సంప్రదింపుల తీరును అధ్యయనం చేయడానికి 1979లో మొదలైన హార్వర్డ్ నెగోషియేషన్ ప్రాజెక్టు వారు ప్రపంచమంతా వ్యాప్తిలోకి తెచ్చిన ఒక సూత్రం మీకు నేరుగా పనికివస్తుంది: ఎదుటివారు పట్టుబట్టి చెప్పే మాట వేరు, ఆ పట్టుదల వెనుక ఉన్న అవసరం వేరు. "వద్దు" అన్నది మీ బాబు పట్టు. దాని వెనుక ఉన్నది చేదా, వాసనా, గొంతులో మిగిలిపోయే జిగటా, లేక ఆటను మధ్యలో ఆపించారన్న కోపమా అన్నది మందు వేళ కాని సమయంలో, ఇద్దరూ నెమ్మదిగా ఉన్నప్పుడు అడిగి తెలుసుకోండి. కారణం ఆటే అయితే చక్కెర ఎంత కలిపినా ప్రయోజనం ఉండదు, "ఈ బొమ్మ కట్టడం అయిపోగానే మందు" అని ముందుగా చెప్పడంతోనే సగం గొడవ తగ్గుతుంది. కారణం చేదే అయితే "అవును, చాలా చేదుగా ఉంటుంది, అందుకే నీకు కోపం వస్తోంది" అని ఒప్పుకోండి. "ఏమీ చేదుగా ఉండదు" అని మొదటి గుటకతోనే బయటపడే అబద్ధం చెబితే మరుసటి పూట మీ మాటకు విలువ ఉండదు.

చాక్లెట్ సంగతికి వస్తే, బహుమతి ఇవ్వడంలో తప్పు లేదు, ఏడుపు మధ్యలో దాని వెల పెంచడంలోనే ఉంది తప్పంతా. ఏమిస్తారో ముందే చెప్పండి, చెప్పినది వెంటనే ఇవ్వండి, ఎంత గోల చేసినా దాన్ని పెంచకండి. "సగం తాగు, చాలు" అని మాత్రం ఎన్నడూ అనకండి, ఎందుకంటే మోతాదు వైద్యులు నిర్ణయించినది, దాన్ని తగ్గించే అధికారం మీ ఇద్దరిలో ఎవరికీ లేదు.

జవాబు 2 – పిల్లల వార్డులో పనిచేసి విరమించిన నర్సు

పై సలహాతో ఏకీభవిస్తున్నాను, అయితే ఒప్పించిన తరువాత పోసే పద్ధతి సరిగ్గా లేకపోతే ఒప్పందం అక్కడే చెడుతుంది. మందుల దుకాణంలో సూది లేని ఓరల్ సిరంజి దొరుకుతుంది. బాబును నిటారుగా కూర్చోబెట్టి, దాని కొనను నాలుక మీద కాకుండా చెంప లోపలి వైపు ఉంచి, కొద్దికొద్దిగా నెట్టుతూ ప్రతిసారీ మింగేదాకా ఆగండి. ముక్కు మూసి పోయడం, వెల్లకిలా పడుకోబెట్టి పోయడం, గట్టిగా ఏడుస్తున్నప్పుడు పోయడం వల్ల మందు ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం ఉంది. ఇంట్లో చెంచాలు తలా ఒక కొలతలో ఉంటాయి కాబట్టి వాటిని నమ్మకండి. మీ ఇంట్లో ఉగ్గుగిన్నె ఉండి, బాబు దానితో తాగడానికి ఇష్టపడితే, మందును ముందు సిరంజితో కొలిచి అందులో పోయండి, అడుగున అంటుకున్న మందును చెంచాడు నీళ్లతో కడిగి ఆ నీళ్లు కూడా తాగించండి.

సీసాలో పొడిగా వచ్చే ఈ మందును నీళ్లు కలిపి సిరప్‌గా చేసిన తరువాత ఫ్రిజ్‌లోనే ఉంచాలి, చల్లగా ఉంటే చేదు కూడా కొంత తక్కువగా తెలుస్తుంది. పోసే ముందు సీసా బాగా ఊపండి. భోజనం మొదలుపెట్టేటప్పుడు ఇస్తే కడుపులో వికారం తగ్గుతుంది. సీసా ఊపే పని బాబుకే అప్పగించండి, మందులో తన చేయి కూడా ఉన్న పిల్లలు తక్కువ పేచీ పెట్టడం వార్డులో ఎన్నోసార్లు చూశాను.

సూది పేరుతో బెదిరించడం దయచేసి ఈ రోజే మానేయమని మీవారికి చెప్పండి. రేపు నిజంగా టీకా వేయించవలసి వచ్చినప్పుడు వైద్యుడంటే శిక్ష వేసేవాడని వాడికి అనిపిస్తుంది. అలాగే మందును చాక్లెట్ అని, మిఠాయి అని చెప్పకండి, ఎవరూ చూడనప్పుడు సీసా దొరికితే మిఠాయి అనుకునే తాగుతాడు.

జవాబు 3 – ఇద్దరు మనవళ్ల అమ్మమ్మ

అమ్మాయీ, ఒక్క మాట చెబుతాను. మందు పోసే వేళ ఇంట్లో నలుగురూ చుట్టూ చేరి బతిమాలితే పిల్లవాడు ఒకరి దగ్గర కాదన్నది మరొకరి దగ్గర సాధించుకుంటాడు. ఎవరు పోయాలో ఒకరినే నిర్ణయించుకోండి, మిగిలినవారు ఆ కాసేపు పక్క గదిలో ఉండండి. మీ అత్తగారి మనసు నొచ్చుకోకుండా, మందు తాగిన తరువాత నోట్లో పటికబెల్లం ముక్క పెట్టే పని ఆవిడకే ఇవ్వండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఈ రాత్రి నుంచి పోసేది నేనొక్కదాన్నే. మధ్యాహ్నం బాబును అడిగితే చేదు కన్నా స్టీలు చెంచా గొంతుకు తగలడమే వాడికి భయమని అర్థమైంది, సిరంజి తెప్పిస్తున్నాను. పాలలో కలిపి ఇవ్వవచ్చా? కక్కితే మళ్లీ పోయాలా?

జవాబు 2 ఇచ్చిన నర్సు

గ్లాసెడు పాలలో కలపకండి, సగంలో వదిలేస్తే మందు సగం గ్లాసులోనే ఉండిపోతుంది, ఆ తరువాత వాడు పాలను కూడా అనుమానిస్తాడు. కలపక తప్పదనుకుంటే ఒక్క చెంచాడు ఆహారంలో కలపవచ్చేమో ఫార్మసిస్టును అడిగి, బాబుకు చెప్పే కలపండి. మింగిన వెంటనే కక్కితే సొంతంగా మరో మోతాదు వేయకుండా వైద్యులకు ఫోన్ చేసి, ఎంతసేపటికి కక్కాడో చెప్పండి. ప్రతి పూటా కక్కుతుంటే రుచి వేరుగా ఉండే మరో కంపెనీ సిరప్ గాని, నీళ్లలో కరిగే మాత్ర గాని రాయగలరేమో అడగండి. నొప్పి తగ్గింది కదా అని మాత్రం వారిని అడగకుండా మధ్యలో ఆపవద్దు.