డిగ్రీ మధ్యలో ఆగిపోయింది, టీసీ కాలేజీలోనే ఉంది. 27 ఏళ్లకి మళ్లీ చేరాలంటే దారేంటి?

గెలాక్సీ_స్లాబ్ (చీమకుర్తి):

అందరికీ నమస్కారం. 2016లో ఒంగోలులో ఒక ప్రైవేటు కాలేజీలో బీకాంలో చేరాను. మూడు సెమిస్టర్లు రాశాను, అందులో బిజినెస్ స్టాటిస్టిక్స్ పేపరు పాసవకుండా ఉండిపోయింది. 2018లో నాన్నకి డయాలసిస్ మొదలైంది. చదువు అక్కడితో ఆపి ఇక్కడే ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో చేరాను, ఇప్పటికీ అక్కడే. స్లాబుల కొలతలు రాసుకోవడం, ఈ-వే బిల్లు తీయడం, లారీ గేటు దాటించడం నా పని. జీఎస్టీ లెక్కలు కూడా సగం నేనే చేసి ఆడిటర్ గారికి పంపుతా. మొన్న అకౌంటెంట్ పోస్టు ఖాళీ అయితే డిగ్రీ ఉందని కొత్త కుర్రాడిని తీసుకున్నారు. అతనికి ట్యాలీ, అంటే కంప్యూటర్లో లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్, నేర్పిస్తున్నది నేనే. ఒళ్లు మండదా చెప్పండి.

కాలేజీకి వెళ్లి టీసీ, ఇంటర్ ఒరిజినల్స్ అడిగితే మిగిలిన ఏళ్ల ఫీజు కూడా కట్టమంటున్నారు. నాకు తెలిసిన సార్లు ఎవరూ ఇప్పుడు అక్కడ లేరు, మాట సాయం చేసేవాళ్లు లేరు. నా మార్కుల మెమోల మీద నాగార్జున యూనివర్సిటీ అని ఉంది. ఇప్పుడేమో ఒంగోలుకి ఆంధ్రకేసరి యూనివర్సిటీ వచ్చింది. ఎవరిని అడగాలి? బస్టాండు దగ్గర ఒకాయన ‘వన్ సిట్టింగ్’లో ఆరు నెలలకే డిగ్రీ ఇప్పిస్తానంటున్నాడు. డిగ్రీ అయ్యాక బ్యాంకు పరీక్షలు రాయాలని కూడా ఉంది. ఇంట్లో ఇంకా చెప్పలేదు.

కావలి_కామర్స్:

బాబూ, ముందు ఆ వన్ సిట్టింగ్ ఆయన నంబరు ఫోన్లోంచి తీసెయ్యి. మూడేళ్ల కోర్సుని ఆరు నెలల్లో ఇచ్చే డిగ్రీ వెరిఫికేషన్‌లో నిలబడదు, డబ్బులూ పోతాయి. దూరవిద్యలో చేరేవాళ్లు ఎక్కడైనా సరే, ఆ యూనివర్సిటీకి ఆ కోర్సుకి ఆ ఏడాది అనుమతి ఉందో లేదో యూజీసీ దూరవిద్య విభాగం, అంటే డెబ్ వెబ్‌సైట్లో చూసుకోవాలి. 2024 నుంచి చేరేవాళ్లకి డెబ్ ఐడీ, అంటే ఆ సైట్లో విద్యార్థి తన పేరు మీద తీసుకునే నంబరు, కూడా తప్పనిసరి.

పాత సీటు సంగతి. ఆంధ్రకేసరి వచ్చింది 2022లో. నువ్వు చేరింది అంతకుముందు కాబట్టి నీ రికార్డు నాగార్జునలోనే ఉంటుంది, అడిగితే వాళ్లనే అడగాలి. కానీ నా మాట వింటే ఆ దారి పట్టకు. 2023-24 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ సింగిల్ మేజర్, అంటే ఒకే సబ్జెక్టు ప్రధానంగా చదివే పద్ధతికి మారింది. నీ పాత పేపర్లకీ ఇప్పటి పేపర్లకీ పొంతన కుదరదు. మధ్యలో ఆపి మళ్లీ చేరడానికి ఇప్పుడు చెప్తున్న నిబంధన కూడా మూడేళ్లలోపు తిరిగి రావాలి, మొత్తం ఏడేళ్లలో ముగించాలి అంటోంది. నీ లెక్కకి అది ఎప్పుడో దాటిపోయింది.

కొత్తగా మొదటి ఏడాదిలో చేరతానంటే ఆన్‌లైన్ అడ్మిషన్లు ఉన్నాయి. కానీ రోజూ క్లాసులు, 75 శాతం హాజరు, మధ్యలో ఇంటర్న్‌షిప్పులు. లారీలు వదిలిపెట్టి రాగలవా?

కాటా_అక్క (బుచ్చిరెడ్డిపాళెం):

తమ్ముడూ, నువ్వు రెండు పనుల్ని ఒకే తాడుతో కట్టేశావు. టీసీ గొడవ వేరు, మళ్లీ చదవడం వేరు. అది తేలాకే ఇది మొదలుపెడతానంటే ఇంకో రెండేళ్లు పోతాయి.

నాది పెళ్లితో ఆగిపోయిన బీఎస్సీ. తర్వాత ఇగ్నోలో, అంటే దూరవిద్య ఇచ్చే ఇందిరాగాంధీ ఓపెన్ యూనివర్సిటీలో బీఏ చేశాను, ఇక్కడ రైసు మిల్లులో లారీలు తూచే కాటా దగ్గర చీటీలు రాస్తూనే. నన్ను ఏ మేడమూ తీసుకెళ్లి చేర్పించలేదు. ఫారం నింపేటప్పుడు టీసీ అడగలేదు. పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, ఫోటో, సంతకం స్కాన్ చేసి పెట్టాను, అంతే. నీ ఇంటర్ మెమో కాలేజీలో ఉంటే ఉండనీ, సర్టిఫికెట్లు దాచే ప్రభుత్వ యాప్ డిజిలాకర్లో వెతుకు. అది ఒరిజినల్‌తో సమానమే. దొరక్కపోతే ఇంటర్ బోర్డుకి డూప్లికేట్ కోసం పెట్టుకో.

ఇగ్నోలో ఏడాదికి రెండుసార్లు, జనవరికీ జులైకీ అడ్మిషన్లు ఉంటాయి. మూడేళ్ల డిగ్రీకి ఆరేళ్ల దాకా గడువు, వయసు అడ్డు లేదు. మార్కుల్లో 30 శాతం అసైన్‌మెంట్లకి, 70 శాతం పరీక్షకి. అసలు కష్టం అసైన్‌మెంట్లే. చేత్తో రాయాలి. లారీకీ లారీకీ మధ్య కాటా గదిలో కూర్చుని రాసేదాన్ని. తవుడు దుమ్ము పేపర్ల మీద పడి పెన్ను గీరుకుపోయేది, దులిపి మళ్లీ రాయడమే. ఇచ్చినప్పుడు రసీదు తీసుకుని ఫోటో తీసిపెట్టుకో. తర్వాతి ఏడాదికి పేరు నమోదు చేసుకునే రీ-రిజిస్ట్రేషన్ తేదీ మాత్రం దాటనివ్వకు. జూన్ పరీక్షలంటే మన నెల్లూరు ఎండ తెలుసుగా, మజ్జిగ సీసా మర్చిపోవద్దు.

పాత సెమిస్టర్లు వృథా అవుతాయని బాధపడకు. పాసైన పాత పేపర్లని కొత్త కోర్సులో లెక్కకి తీసుకునే క్రెడిట్ ట్రాన్స్‌ఫర్ అని ఉంది, విడిగా దరఖాస్తు పెట్టాలి. నేనైతే దాని కోసం ఆగలేదు, మొదటి నుంచే చదివాను. నీకు జీఎస్టీ చేతి మీద పని, చాలా పేపర్లు తేలిగ్గానే పోతాయి.

ఇక కాలేజీ. ఒరిజినల్స్ దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. నోటిమాటగా అడగొద్దు. కాగితం మీద రాసి ఇచ్చి, కాపీ మీద ముద్ర వేయించుకో. ముద్ర వేయకపోతే రిజిస్టర్ పోస్టులో పంపు. అప్పటికీ కదలకపోతే యూనివర్సిటీకి రాయి, సోమవారం ఒంగోలు కలెక్టరేట్ గ్రీవెన్సులో అర్జీ ఇవ్వు. నువ్వు చదివిన కాలానికి ఫీజు బకాయి ఉంటే మాత్రం కట్టేసి రసీదు తీసుకో. చదవని ఏళ్లకి ఒక్క రూపాయి ఇవ్వకు.

బ్యాంకుల విషయం ముందే లెక్క వేసుకో. వయసు క్లర్కుకి 28, పీఓకి, అంటే ఆఫీసరు పోస్టుకి, 30 దాకానే. ఓబీసీ అయితే ఇంకో మూడేళ్లు. నీ డిగ్రీ అయ్యేసరికి 30 దాటుతుంది. దాని కోసమే అయితే వద్దంటాను. అకౌంటెంట్ కుర్చీ కోసమైతే చెయ్యి.

గెలాక్సీ_స్లాబ్:

సార్, అక్కా, థాంక్స్. డిజిలాకర్లో పదోదీ, ఇంటర్‌దీ రెండూ దొరికాయి, ఇన్నాళ్లూ దీని కోసమా తిరిగింది అనిపించింది. నేను ఓబీసీనే, అయినా బ్యాంకు ఆలోచన పక్కన పెట్టేశా. జులైకి బీకాం పెడతా. ఒక్క సందేహం అక్కా, వర్క్ ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఫ్యాక్టరీ నుంచి తేవాలా? ఓనరుకి ఇప్పుడే తెలియడం ఇష్టం లేదు.

కాటా_అక్క:

బీఏకి నన్ను అడగలేదు. బీకాంకి అర్హత ఇంటరే, ఉద్యోగంతో పని లేదు. ఓనరుకి చెప్పకపోయినా ఇంట్లో అమ్మకి చెప్పు, పరీక్షల రోజుల్లో పొద్దున్నే అన్నం పెట్టేది ఆవిడే కదా.