వెల్బీ రాజీనామాతో బాధ్యత తీరినట్లేనా?

థేమ్స్ ఒడ్డు:
జాన్ స్మైత్ ఉదంతంపై మేకిన్ విచారణ నివేదిక వెలువడిన ఐదు రోజులకు, 2024 నవంబరు 12న, ఇంగ్లండ్ చర్చి ప్రధాన మతగురువైన కాంటర్‌బరీ ఆర్చిబిషప్ జస్టిన్ వెల్బీ రాజీనామా ప్రకటించారు. క్రైస్తవ వేసవి శిబిరాల ద్వారా చేరదీసిన మగపిల్లలను తన ఇంటి తోటలోని షెడ్డులో రక్తం కారేలా బెత్తంతో కొట్టిన న్యాయవాది స్మైత్ సంగతి 2013లోనే వెల్బీ దాకా వచ్చింది. పదవి వదిలితే సరిపోతుందా? విషయం తెలిసిన మిగతావారి మాటేమిటి? మన సీఎస్‌ఐ (దక్షిణ ఇండియా సంఘం) సంఘాలలో ఇలాంటి ఫిర్యాదు ఎవరికి చెప్పుకోవాలి?

మెదక్ బిడ్డ:
అందరూ 2013 దగ్గరే ఆగిపోతున్నారు. 1982లోనే మార్క్ రస్టన్ అనే పాదిరి ఆ దెబ్బల వివరాలన్నీ నివేదికగా రాసి కొద్దిమందికి ఇచ్చారు. ఒక్కరూ పోలీసు గడప తొక్కలేదు. 1984లో స్మైత్ జింబాబ్వే చేరి అక్కడా శిబిరాలు పెట్టాడు. 1992లో అతని శిబిరంలో పదహారేళ్ళ కుర్రవాడు శవమై తేలాడు. తమ పిల్లల మీద నుంచి పీడ తొలగితే చాలు, ఆఫ్రికా పిల్లలు ఏమైపోయినా ఫర్వాలేదనుకున్న ఆ పెద్దమనుషులను నేను క్షమించలేను.

విశ్వాసి75:
పోలీసులకు తెలియజేశారని తనకు చెప్పారనీ, తగిన చర్య జరుగుతుందని నమ్మాననీ వెల్బీ గారు స్పష్టంగా చెప్పారు. దైవసేవకులపై రాళ్ళు వేయడం ఈ రోజుల్లో తేలికైపోయింది.

ఎస్తేరు:
నమ్మారు, సరే. 2017లో బ్రిటన్ టీవీ ఛానల్ 4 బయటపెట్టేదాకా ఆ కేసు ఏమైందని ఎందుకు ఆరా తీయలేదండీ? 2018లో స్మైత్ ఏ కోర్టు బోనూ ఎక్కకుండా కేప్‌టౌన్‌లో చనిపోయాడు. రాళ్ళ గురించి మాట్లాడేముందు ఆ పిల్లల గాయాల గురించి మాట్లాడండి.

విశ్వాసి75:
అమ్మా, గొంతు పెంచినంత మాత్రాన న్యాయం కాదు. పాపసంకీర్తనంలో (గురువు ముందు పాపాలు ఒప్పుకునేటప్పుడు) విన్నదాన్ని గురువు ప్రాణం పోయినా బయటపెట్టకూడదు. రేపు దానికీ జైలంటారా?

గుంటూరు వకీలు:
పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కోర్టుల్లో ఏళ్ళ తరబడి వాదించినవాడిగా చెబుతున్నాను, ఈ విషయంలో నాకు పాఠం చెప్పనవసరం లేదు. పోక్సో 19వ సెక్షన్ ప్రకారం పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసిన ప్రతి వ్యక్తీ పోలీసులకు చెప్పి తీరాలి, అందులో మతగురువులకు మినహాయింపు రాయలేదు. సంస్థ పెద్ద తన కింది ఉద్యోగి నేరాన్ని దాచిపెడితే 21వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు, జరిమానా. 2022 నవంబరులో చంద్రపూర్ హాస్టల్ బాలికల కేసులో, తెలిసీ చెప్పకపోవడం తీవ్ర నేరమని సుప్రీంకోర్టు చెప్పింది. అయినా స్మైత్ కథలో పాపసంకీర్తనం ఎక్కడుందండీ? తెలిసినవాళ్ళందరికీ ఉత్తరాలు, నివేదికలు, మాటల ద్వారానే తెలిసింది.

విశ్వాసి75:
మీ సెక్షన్లు దేవుని ఆజ్ఞ కంటే పెద్దవి కావు.

ఎస్తేరు:
పిల్లను కాపాడవద్దని ఏ ఆజ్ఞ చెప్పింది?

కృష్ణాతీరం:
చర్చిలనే ఎందుకు అంటున్నారు? ఆశారాం బాపుకు 2018లో జోధ్‌పూర్ కోర్టు మైనర్ బాలికపై అత్యాచారం కేసులో యావజ్జీవం వేసింది. ఏ మతమైనా గురువు మాట వేదమనుకున్న చోట తల్లిదండ్రుల నోరు ముందే మూతపడుతుంది.

మెదక్ బిడ్డ:
ఆ మాటతో ఏకీభవిస్తాను, కానీ అక్కడ నేరం చేసినవాడే గురువు. ఇక్కడ ప్రశ్న, నేరం చేయకపోయినా తెలిసి ఊరకున్న గురువు గురించి. ఆ తేడా చెరిగితే ఊరకున్నవాళ్ళు హాయిగా తప్పించుకుంటారు.

హాస్టల్ టీచరమ్మ:
నేను పనిచేసిన మిషన్ హాస్టల్లో వార్డెన్ మీద ఒక పాప చెప్పిన విషయాన్ని పెద్దలు ప్రార్థన పెట్టి, వార్డెన్‌ను వేరే ఊరికి బదిలీ చేసి, ముగించబోయారు. నేను పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చేశాను. కేసు నమోదైంది, వార్డెన్ అరెస్టయ్యాడు, నా ఉద్యోగం పోయింది. మళ్ళీ అలాగే చేస్తాను. ఎవరికి చెప్పుకోవాలని అడిగినవారికి ఇదే నా సమాధానం, బిషప్పు గారి కమిటీ కంటే ముందు ఆ నంబరు. ఆ పాపది మా పక్క పల్లెటూరే, ఊరి పేరు (తొలగించబడింది).

గుంటూరు వకీలు:
ఊరి పేరు నా విన్నపం మీద నిర్వాహకులు తొలగించారు. పోక్సో 23వ సెక్షన్ ప్రకారం బాధితురాలిని గుర్తుపట్టేలా ఏదీ రాయకూడదు. టీచరమ్మ గారూ, ఉద్యోగం విషయంలో మీకు అభ్యంతరం లేకపోతే నాకు విడిగా రాయండి, రుసుము తీసుకోను.