కంప్యూటర్ చదివిన ఎక్స్‌రే తరువాత కూడా సీటీ అవసరమా?

ప్రశ్న (రాజురా, చంద్రపూర్ జిల్లా):
మా నాన్నగారు బొగ్గు గనిలో ఏళ్ల తరబడి రాతి డ్రిల్లింగు చేసి రిటైరయ్యారు. ఈమధ్య మా ఊళ్లో చేత్తో పట్టుకొనే ఎక్స్‌రే యంత్రంతో క్షయ శిబిరం నిర్వహించినప్పుడు, ఆయన ఛాతీ చిత్రాన్ని కంప్యూటరే చదివి అనుమానం ఉన్నదని చూపింది. మైక్రోస్కోపు కింద తెమడలో క్రిములు కనబడలేదు. ఇప్పుడు డాక్టరుగారు హెచ్‌ఆర్‌సీటీ (ఊపిరితిత్తులను సన్నని పొరలుగా చూపే సీటీ స్కాను) తీయించమన్నారు. ఎక్స్‌రే ఉండగా మళ్లీ ఇదెందుకు? రేడియేషన్ అని అమ్మ భయపడుతున్నారు.

జవాబు (బల్లార్షా, రేడియాలజీ టెక్నీషియన్):
కంప్యూటర్ తప్పు చెప్పిందనుకోకండి, దాని పని అనుమానితులను వడపోయడమే. 15 ఏళ్లు, ఆపై వయసువారి ఎక్స్‌రేలను సాఫ్ట్‌వేర్‌తో ఇలా చదివించవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సిఫారసు చేసింది. క్షయ అవునో కాదో తేల్చవలసింది మాత్రం తెమడ పరీక్షే. మీ నాన్నగారి విషయంలో చిక్కు ఏమిటంటే, రాతిధూళి వల్ల ఏర్పడే సిలికోసిస్ గడ్డలూ, క్షయ మచ్చలూ ఎక్కువగా ఊపిరితిత్తుల పైభాగంలోనే కనబడతాయి. పైగా ఎక్స్‌రేలో పక్కటెముకలు, గుండె, ఊపిరితిత్తి అన్నీ ఒకదానిమీద ఒకటి పడతాయి. హెచ్‌ఆర్‌సీటీలో దాదాపు ఒక మిల్లీమీటరు మందం పొరలుగా చూస్తాము కనుక, అంచులు స్పష్టంగా ఉన్న గుండ్రటి గడ్డలూ, చుట్టూ సున్నం పట్టిన లింఫు గ్రంథులూ సిలికోసిస్ వైపు మొగ్గు చూపితే, సన్న శ్వాసనాళాల కొసల్లో మొగ్గలు తొడిగిన కొమ్మలా కనబడే గుర్తులు ఇన్ఫెక్షన్ వైపు చూపుతాయి. సిలికోసిస్ ఉన్నవారికి క్షయ వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి రెండూ కలిసి ఉండవచ్చు. అందుకే మైక్రోస్కోపు పరీక్షతో ఆగక, తెమడలో క్షయ క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే సీబీనాట్ పరీక్ష చేయించమని అడగండి.

జవాబు (చంద్రపూర్):
అమ్మగారితో ఇలా చెప్పండి: ఛాతీ ఎక్స్‌రే మోతాదు దాదాపు 0.1 మిల్లీసీవర్ట్ (ఒంటికి అందే రేడియేషన్‌ను కొలిచే ప్రమాణం), మామూలు ఛాతీ సీటీది సుమారు 6, తక్కువ మోతాదు సీటీది 1.5 ప్రాంతం. ప్రకృతి నుంచే మనిషికి ఏటా సగటున 2.4 వరకు అందుతుంది. ఆయన వయసులో, ఇంత అవసరం ఉన్నప్పుడు, వెనుకాడవలసిన పని లేదని నా అభిప్రాయం.

జవాబు (సిరోంచా):
ఉద్యోగంలో ఉండగా తీసిన పాత ఎక్స్‌రే ఫిల్ములు తప్పక తీసుకెళ్లండి. మా చిన్నాన్న ఫిల్ములు ట్రంకుపెట్టెలో చెమ్మకు అంటుకుపోయినా, మూలన వేసిన తేదీలు చదవగలిగే స్థితిలో ఉండటం వల్లనే, మచ్చలు ఏ కాలం నుంచి ఉన్నాయో డాక్టరు పోల్చి చూడగలిగారు. డాక్టరు స్కానుకు రాసిచ్చే చీటీ మీద డ్రిల్లింగు పని గురించి రాయించండి, ఎందుకంటే ఆ మాట తెలియకుండా రిపోర్టు రాసేవారు క్షయ గురించి మాత్రమే ఆలోచించే ప్రమాదం ఉంది. సిలికోసిస్ చట్టప్రకారం నోటిఫై అయిన, అంటే అధికారులకు తెలియజేయవలసిన, వ్యాధి. పరిహారం అడగవలసి వస్తే పనికివచ్చేలా రిపోర్టు, ఫిల్ము, సీడీ మూడూ అడిగి తీసుకోండి.